యూరప్ స్పోర్ట్స్ కార్లు మన దాకా ఎందుకు రావు? తప్పంతా పన్నులదేనా?

ఘాట్‌రోడ్డు (జయపురం):
ప్రశ్న సూటిగానే అడుగుతున్నా. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 2025 మేలో మన దేశానికి వచ్చింది. మొదటి విడతలో 150 కార్లు, షోరూమ్ ధర 53 లక్షలు. బుక్ చేసుకోవాలంటే ఆన్‌లైన్‌లో క్విజ్ కూడా పెట్టారు. డబ్బులు మనవి, పరీక్షా మనకే. అక్టోబర్‌లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ వచ్చింది, అది 100 కార్లే, సుమారు 50 లక్షలు. అదే జీటీఐ 2025 మోడల్ అమెరికాలో 32 వేల డాలర్ల పైచిలుకు నుంచి మొదలైంది. మన డబ్బుల్లో 28 లక్షలకు కాస్త అటూ ఇటూ.

ఎవరిని అడిగినా "పన్నులు బాబూ" అని తేల్చేస్తున్నారు. నేనొప్పుకోను. పన్ను వల్ల ధర పెరుగుతుంది, సరే. ఏ మోడల్ పంపాలి, ఎన్ని పంపాలి అన్నది మాత్రం కంపెనీ ఇష్టం. జీటీఐ కన్నా జోరైన గోల్ఫ్ ఆర్ ఎందుకు పంపలేదు? 150 అన్న లెక్క ఎవరు వేశారు? కొరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల వాళ్లు మీ మాట చెప్పండి. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో రాయండి.

పద్దుపుస్తకం (బరంపురం):
లెక్క చూసి మాట్లాడు తమ్ముడూ. 40 వేల డాలర్లు దాటిన కారు పూర్తిగా తయారై ఓడ దిగితే సుంకం మొత్తం 110 శాతం. 2025 బడ్జెట్‌లో బేసిక్ డ్యూటీని 100 నుంచి 70కి తగ్గించామన్నారు. మరో చేత్తో 40 శాతం సెస్సు వేశారు. ఈ చెవి కాకపోతే ఆ చెవి. అంటే వంద రూపాయల కారు రేవులోనే 210 అవుతుంది. దాని మీద 40 శాతం జీఎస్టీ వేస్తే 294. ఇంకా డీలర్ లాభం, ఇన్సూరెన్స్, మన ఆర్టీవోలో కట్టే రోడ్ టాక్స్ అలాగే ఉన్నాయి. జీటీఐ లాంటివి 40 వేల డాలర్ల లోపు వస్తే బేసిక్ డ్యూటీ 70 శాతం, ఆ పైన జీఎస్టీ మామూలే. ఇంత అయ్యాక కొనేవాళ్లు ఎందరు మిగులుతారు? అందుకే 150. కంపెనీ వాడు ధర్మసత్రం నడపడం లేదు కదా.

ఘాట్‌రోడ్డు (జయపురం):
మీ లెక్కలో తప్పేం లేదు అన్నా. అదే లెక్క ప్రకారం 80 లక్షల కారు అసలు రాకూడదు. మరి మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్ 2021 నవంబర్‌లో 79.5 లక్షలకు వచ్చిందే! 421 హార్స్‌పవర్ ఉన్న హ్యాచ్‌బ్యాక్. దాన్ని అమెరికాలో అసలు అమ్మనే లేదు. బీఎండబ్ల్యూ ఎం2 మాన్యువల్ గేర్లతో సహా ఇక్కడ దొరుకుతోంది. పన్ను ఒక్కటే అడ్డమైతే ఇవెలా వచ్చాయి?

ఇంకో మాట. 2018లో కేంద్రం రూల్ మార్చింది. యూరప్, జపాన్ లాంటి చోట్ల ఆమోదం పొందిన కార్లను ఒక్కో కంపెనీ ఏడాదికి 2,500 దాకా ఇక్కడ మళ్లీ టెస్టింగ్ లేకుండా తెచ్చుకోవచ్చు. స్టీరింగ్ కుడివైపు ఉంటే చాలు. 2,500కి తలుపు తెరిచి పెట్టారు, వాళ్లు 150తో వచ్చారు.

పర్లాకిమిడి అల్లుడు (న్యూజెర్సీ):
బావా, అమెరికాలో అన్నీ దొరుకుతాయని నువ్వనుకుంటున్నావు. ఇక్కడి బాధ నీకు తెలీదు. 2025కి ముందు యూరప్ కార్ల మీద ఇక్కడ సుంకం రెండున్నర శాతమే. అయినా స్కోడా లేదు, కూప్రా లేదు, రెనో లేదు, ఆల్పీన్ లేదు. ఆడీ ఆర్‌ఎస్4 అవాంట్ (అవాంట్, టూరింగ్ అంటే వెనక సామాన్ల చోటు ఎక్కువున్న స్టేషన్ వ్యాగన్లు) ఒక్క తరం కూడా రాలేదు. ఆర్‌ఎస్6 అవాంట్ కూడా ఈ తరంలోనే మొదటిసారి అడుగుపెట్టింది. బీఎండబ్ల్యూ ఎం3 టూరింగ్ ఆస్ట్రేలియాకి వెళ్లింది, ఇంగ్లండ్‌లో వీధివీధినా ఉంది, ఇక్కడ మాత్రం అమ్మరు. మామూలు గోల్ఫ్ 2021తో ఆగిపోయింది, జీటీఐ, ఆర్ మిగిలాయి. 2025 మోడల్ నుంచి వాటిలో మాన్యువల్ గేర్లూ తీసేశారు.

కారణం పన్ను కాదు, క్రాష్ టెస్టులు. అమెరికా భద్రతా నియమాలు యూరప్ వాటికి వేరు. ఒక మోడల్‌కి ఇక్కడి పరీక్షలన్నీ చేయించాలంటే కార్లను పగలగొట్టాలి, లైట్లు మార్చాలి, పొగ పరీక్షలు విడిగా చేయించాలి. స్టేషన్ వ్యాగన్ కొనేవాళ్లు ఇక్కడ పిడికెడు మంది. వాళ్ల కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు? సొంతంగా తెప్పించుకుందామా అంటే 1988లో చేసిన చట్టం ఒకటి ఉంది. పాతికేళ్లు నిండితే తప్ప ఆ కారు రోడ్డెక్కదు. పోర్షేతో కలిసి ఆడీ 1994లో తెచ్చిన ఆర్‌ఎస్2 కోసం ఇక్కడివాళ్లు 2019 దాకా కాచుకున్నారు. పక్కనే కెనడాలో పదిహేనేళ్లు చాలు. సరిహద్దు దాటితే రూల్ మారిపోవడం మనకి కొత్తేం కాదులే, పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లొచ్చినవాళ్లమే కదా.

యారా తీరం (మెల్‌బోర్న్, సొంతూరు గుణుపురం):
ఆస్ట్రేలియా మాట నేను చెప్తా. ఇక్కడ స్టీరింగ్ కుడివైపే, కాబట్టి ఇంగ్లండ్‌కి తయారైనవి చాలావరకు ఇక్కడికీ వస్తాయి. కూప్రా 2022 నుంచి ఉంది. రెనో మెగాన్ ఆర్‌ఎస్ ఆపేసేదాకా అమ్మారు. ఖరీదైన కార్ల మీద ఓ పరిమితి దాటాక 33 శాతం లగ్జరీ టాక్స్ కూడా ఉంది, అయినా వస్తున్నాయి.

అయితే ఇక్కడా మెలికలు ఉన్నాయి. ఆల్పీన్ ఏ110 బుల్లి కారు, బరువు తక్కువ, చూస్తే ముద్దొస్తుంది. 2021 నవంబర్‌లో కొత్త భద్రతా నియమం వచ్చింది, కారుని పక్కనుంచి స్తంభానికి గుద్దించే పరీక్ష. దాని కోసం కారుని మార్చడం గిట్టుబాటు కాదని ఇక్కడి అమ్మకాలే ఆపేశారు. జపాన్ నిస్సాన్ జీటీ-ఆర్‌కీ అదే గతి. ఏడో తరం గోల్ఫ్ ఆర్ యూరప్‌లో 300 హార్స్‌పవర్, మాకు మొదట 280. వేడి దేశం అని తగ్గించి పంపారు.

ఇంకోటి వినండి. ఆస్ట్రేలియాలో సాధారణ పెట్రోల్‌లో గంధకం 150 పీపీఎం (పది లక్షల భాగాల్లో 150) దాకా అనుమతి ఉండేది. 2025 డిసెంబర్‌లో గానీ 10కి తగ్గించలేదు. ఇండియాలో 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నియమాలు వచ్చినప్పుడే 10కి దించేశారు. అంటే పెట్రోల్ శుభ్రత విషయంలో అయిదేళ్లకు పైగా జయపురం బంకు మెల్‌బోర్న్ బంకు కన్నా ముందుంది. "ఇండియా పెట్రోల్ బాగోదు, అందుకే పంపరు" అనేవాళ్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

మస్కట్ మావయ్య (ఇచ్ఛాపురం-బరంపురం):
గల్ఫ్‌లో ఏదైనా దొరుకుతుంది. డ్రైవర్‌గా ఉన్నా కాబట్టి ఎం5లూ ఆర్‌ఎస్6లూ చేత్తో తోలినవాడినే. తోలడం ఒక ఎత్తు, తేవడం ఒక ఎత్తు. మా షేక్ గారి అబ్బాయి కారు అమ్మేస్తుంటే "చవకలో కొని ఊరికి పట్టుకుపోదామా" అని మా రూమ్‌లో వాళ్లకి ఆశ పుట్టింది. ఎడమవైపు స్టీరింగ్ బండికి మన మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ఒప్పుకోదు. పాత కారు తేవాలంటే మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబై రేవులోనే దిగాలి, సుంకం సరేసరి. గల్ఫ్ నుంచి టీవీ తెచ్చినట్టు కారు తేలేం నాయనా. కుర్రాళ్లు ఎవరైనా ఏజెంట్ మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి.

రెంచి (రాయగడ):
పెద్దలంతా దేశాలు తిరిగొచ్చారు. నేను షెడ్డులోంచి చెప్తా. వర్షాకాలంలో ఒక కస్టమర్ ఖరీదైన ఇంపోర్టెడ్ కారులో సాలూరు ఘాట్ ఎక్కుతున్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. సుంకి దాటాక తారు అంచు విరిగిన చోట ముందు చక్రం దిగింది. టైరు సైజు 225/40 ఆర్18. అంటే పక్కగోడ ఎత్తు 9 సెంటీమీటర్లు. రిమ్‌కీ రాయికీ మధ్య రబ్బరు నలిగి, పక్కన నిమ్మకాయంత ఉబ్బు తేలింది. డిక్కీలో స్టెప్నీ లేదు, పంక్చర్ జిగురు డబ్బా ఇచ్చారు. ఆ జిగురు ముల్లు గుచ్చుకుంటే పనిచేస్తుంది, పక్కగోడ తెగితే కాదు. ఆ సైజు టైరు ఇక్కడ ఏ షాపులోనూ లేదు, హైదరాబాద్ నుంచి పార్సిల్ బస్సులో వచ్చింది. అప్పటిదాకా 50 లక్షల కారు ఇటుకల మీద నిలబడింది.

డీఎస్‌జీ, అంటే తనంతట తనే గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్, దాని ఆయిల్ మార్చడమూ ఆషామాషీ పని కాదు. స్కానర్ పెట్టి, ఆయిల్ వేడి 35 డిగ్రీలు దాటాక లెవెల్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి "సరిపోయింది" అనుకుంటే తర్వాత ఏడవాలి. ఆ స్కానర్ ఉన్న వర్క్‌షాప్ వైజాగ్‌లోనో, భువనేశ్వర్‌లోనో. 150 కార్లు దేశమంతా చల్లితే మన నాలుగు జిల్లాల కోసం ఎవడు స్టాకు పెడతాడు? కంపెనీ మన దగ్గర అమ్మనంటే నాకేం కోపం లేదు. అమ్మి గాలికొదిలేస్తేనే కోపం.

పద్దుపుస్తకం (బరంపురం):
ఇదీ అసలు మాట. పన్నుల వల్ల సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తక్కువైతే సర్వీసు ఉండదు, సర్వీసు లేకపోతే కొనేవాడు జంకుతాడు.

నాగావళి గట్టు (రాయగడ):
ఈ గోలంతా ఎవరికి? మా ఊళ్లో అంబులెన్స్ వచ్చే రోడ్డు గురించి మాట్లాడండి ముందు.

ఘాట్‌రోడ్డు (జయపురం):
రోడ్డు గురించి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తా. ఇక్కడ కార్ల సంగతి మాట్లాడుకుందాం.

అల్లుడు గారూ, మెల్‌బోర్న్ అన్నా, మీరిద్దరూ నా వాదనకే బలం ఇచ్చారు. అమెరికాలో రెండున్నర శాతం సుంకం ఉన్నప్పుడూ రాలేదు, 33 శాతం లగ్జరీ టాక్స్ ఉన్నచోటా వస్తున్నాయి. జపాన్‌లో 1978 నుంచి కార్ల మీద సుంకమే లేదు, ఆల్పీన్ లాంటి చిన్న కంపెనీలు కూడా అక్కడ దుకాణం తెరిచాయి. సింగపూర్‌లో కారు ఉంచుకునే పదేళ్ల హక్కు పత్రానికే కొన్నిసార్లు లక్ష సింగపూర్ డాలర్లు దాటింది, అయినా గోల్ఫ్ ఆర్ అమ్మారు. కాబట్టి సుంకం ఒక కారణం, మొత్తం కారణం కాదు.

ఇక్కడే బిగిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2004లో ఆక్టేవియా ఆర్‌ఎస్ ఔరంగాబాద్ ఫ్యాక్టరీలో తయారైంది, 150 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్. 2015లో ఫియట్ వాళ్లు పుణె దగ్గర రంజన్‌గావ్‌లో అబార్త్ పుంటో బిగించి 9.95 లక్షలకు ఇచ్చారు, 145 హార్స్‌పవర్. అదే ఏడాది బయటి దేశం నుంచి తెచ్చిన అబార్త్ 595 ధర దాదాపు 30 లక్షలు. బీఎండబ్ల్యూ ఎం340ఐ 2021లో చెన్నైలో బిగించారు కాబట్టే 62.9 లక్షలకు వచ్చింది. దారి ఉంది. నడవడానికి వాళ్లకి మనసు లేదు.

పద్దుపుస్తకం (బరంపురం):
నువ్వు చెప్పిన అబార్త్ పుంటోనే నీకు జవాబు. పది లక్షలకు 145 గుర్రాలు ఇస్తే ఎవరు కొన్నారు? "మైలేజీ ఎంత, రీసేల్ ఎంత" అని అడిగి పక్క షోరూమ్‌కి వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫియట్ ఇక్కడ కార్ల అమ్మకాలే మానేసింది. పోలో జీటీఐ 2016లో 99 కార్లు తెచ్చారు, 26 లక్షలు. అవీ వెంటనే పోలేదు, మరుసటి ఏడాది ధర 20 లక్షలకు దించితే గానీ కదల్లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం అడగలేదు, వాళ్లు పెట్టలేదు.

ఘాట్‌రోడ్డు (జయపురం):
అది అప్పటి మాట అన్నా. ఇప్పుడు 100 ఆక్టేవియాలూ, 150 జీటీఐలూ చకచకా అయిపోయాయి. అడిగేవాళ్లు పెరిగారు. క్విజ్ పెట్టింది అడిగేవాళ్లు ఎక్కువయ్యే కదా.

పర్లాకిమిడి అల్లుడు (న్యూజెర్సీ):
వంద కార్లు చకచకా అమ్ముడైతే వెయ్యి కార్లు అమ్ముడవుతాయని కాదు బావా. ముందు వంద మంది వీరాభిమానులే కొంటారు.

ఇకపోతే బ్రిటన్‌తో 2025 జూలై 24న ఇండియా ఒప్పందం కుదుర్చుకుంది, కోటా లోపల కార్ల సుంకం 10 శాతానికి దిగుతుందన్నారు. యూరోపియన్ యూనియన్‌తో 2026 జనవరిలో చర్చలు ముగిశాయి, అందులోనూ కోటా లోపల క్రమంగా 10 శాతానికి తగ్గిస్తారట. అవి పూర్తిగా అమల్లోకి వస్తే మీ ఇద్దరిలో ఎవరిది రైటో తేలిపోతుంది. సుంకం తగ్గాక కూడా 150 కార్లే పంపితే ఘాట్‌రోడ్డు బావ గెలిచినట్టే.

రెంచి (రాయగడ):
కోటాలో వచ్చేవి ఎస్‌యూవీలేనని నా పందెం. లాభం అందులోనే ఉంది.

ఘాట్‌రోడ్డు (జయపురం):
పందెం ఒప్పుకోను, నువ్వే గెలుస్తావేమో అని భయం. సరే, సుంకాల సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. వైజాగ్‌లో ఒక పాత అబార్త్ పుంటో అమ్మకానికి ఉంది, ఆంధ్రా రిజిస్ట్రేషన్. రెంచి అన్నా, చూడ్డానికి వెళ్తే ఏమేం అడగాలి?

రెంచి (రాయగడ):
టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు బేరంలో కొయ్యి. చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేయించు, వాళ్లు ముందే వేడి చేసి పెడితే అనుమానించు. టర్బో పైపుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో గుడ్డ పెట్టి తుడిచి చూడు. విడిభాగాలు ఎవరి దగ్గర తెప్పిస్తున్నారో ఆ నంబర్ ఓనర్ దగ్గరే తీసుకో, తర్వాత అతను ఫోన్ ఎత్తడు. ఏడాదికి మించి మన జిల్లాలో తిప్పాలంటే ఒడిశా నంబర్‌కి మార్చాలి, అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ ఇప్పించే బాధ్యత అమ్మేవాడిదేనని కాగితం మీద రాయించుకో. శనివారం అయితే నేనూ వస్తా, డీజిల్ ఖర్చు నీది.