ట్యూబ్‌లైటు వెలుగులో తీసిన వీడియోలో నల్లటి చారలు – ఎడిటింగులో పోతాయా?

ప్రశ్న:
నమస్కారం. నేను జర్నలిజం డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పోచంపల్లిలో ఒక చేనేత కుటుంబం ఇక్కత్ చీర నేసే తీరును చిన్న డాక్యుమెంటరీగా తీస్తున్నాను. మగ్గం పనిని స్నేహితుడి కెనాన్ 200డీ కెమెరాతో, దానితో పాటు వచ్చిన 18–55 లెన్సుతో తీస్తున్నాను; ముఖాముఖిలకు నా ఫోను వాడుతున్నాను. మగ్గం ఉన్న గదిలో పాత ట్యూబ్‌లైటు ఒక్కటే ఆధారం. అక్కడ తీసిన ప్రతి షాట్‌లోనూ నల్లటి చారలు మెల్లగా జరుగుతూ కనిపిస్తున్నాయి. సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు అందే సమయం) 1/125 సెకను పెట్టి, మిగిలినవన్నీ ఆటోలో వదిలాను. ఒకే షాట్ మధ్యలో రంగు కూడా మారిపోతోంది. వీటిని ఎడిటింగులో సరిచేయవచ్చా? నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టడం మంచిది?

మొదటి సమాధానం:
కెమెరాలో లోపమేమీ లేదండీ. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 ఆవృత్తులు; ఒక్కో ఆవృత్తిలో వెలుగు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కనుక చోకుతో వెలిగే ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. అది మన కంటికి తెలియదు గానీ, సెన్సరు ఒక్కో ఫ్రేమును పైనుంచి కిందికి వరుసలవారీగా చదువుతుంది కాబట్టి, షట్టర్ 1/125లో ఉన్నప్పుడు కొన్ని వరుసలకు వెలుగు ఎక్కువగానూ కొన్నింటికి తక్కువగానూ అందుతుంది. ఆ తేడాయే చారలుగా కనబడుతుంది. మెనూలో వీడియో సిస్టమ్‌ను ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు (ఇవి రెండు టీవీ ప్రమాణాల పేర్లు) మార్చి, 25 ఫ్రేములు ఎంచుకొని, మాన్యువల్‌లో షట్టర్‌ను 1/50కి కట్టేయండి. అంత సేపట్లో వెలుగు సరిగ్గా రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది కనుక అన్ని వరుసలకూ సమానంగా అందుతుంది. నాడె (పేక నూలును మోసే సాధనం) అటూ ఇటూ పరుగెత్తేటప్పుడు కాస్త మసకగా కనిపిస్తుంది. వీడియోలో కదలిక సహజంగా అనిపించడానికి ఆ మసక అవసరమే.

ఆ లెన్సు 18 దగ్గర ఎఫ్/4 వరకు తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువగా లోపలికి వస్తుంది), 55కు జూమ్ చేస్తే ఎఫ్/5.6కు తగ్గిపోతుంది. కనుక చీకటి గదిలో జూమ్ చేయకుండా మీరే మగ్గానికి దగ్గరగా జరగండి. ఇంకా వెలుగు చాలకపోతే ఐఎస్ఓను (వెలుగుకు సెన్సరు స్పందించే తీవ్రతను) 1600 దాకా నిస్సంకోచంగా పెంచండి. కాస్త గరుకుతనం వస్తుంది, దానివల్ల నష్టం లేదు. రంగు మారడానికి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా కెమెరా తానే రంగులను సర్దుకోవడం. నేత గదిలో పడుగు మీద రంగురంగుల నూలు కదులుతుంటే అది ఏ రంగును ఆధారం చేసుకోవాలో తేల్చుకోలేదు. అదే దీపం కింద తెల్ల కాగితాన్ని ఫొటో తీసి, దాని ఆధారంగా కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. చారలను ఎడిటింగులో శుభ్రంగా తీసేయడం చాలా కష్టం. వీలుంటే ఆ షాట్లను మళ్లీ తీయమనే నా సలహా.

రెండో సమాధానం:
ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలా మంచిదే అయినా 8 జీబీ ర్యామ్‌తో ఇబ్బంది పెడుతుంది. మీరు కేడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ వేసుకోండి. రెండూ పూర్తిగా ఉచితం. వాటిలో ప్రాక్సీ సౌకర్యాన్ని ఆన్ చేస్తే తేలికపాటి నకళ్లతో పని సాగుతుంది, చివరి వీడియో మాత్రం అసలు ఫైళ్లతోనే తయారవుతుంది. ప్రాజెక్టును మొదటే 25 ఫ్రేములకు పెట్టుకోవడం మరవకండి.

మీరు అడగలేదు గానీ, ఫోను వీడియోల ఫ్రేమ్ రేటు తరచు నిలకడగా ఉండదు. అందువల్ల పొడవైన ముఖాముఖిలో మాటకూ పెదవుల కదలికకూ పొంతన తప్పవచ్చు. అలా జరిగితే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేటుకు మార్చి, ఆ తరువాతే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి. మగ్గం చప్పుడును ఎవరూ మాట్లాడని సమయంలో విడిగా రికార్డు చేసుకోండి. షాట్ల మధ్య కోతలు పడినచోట ఆ ధ్వనిని ఆపకుండా కింద పరిస్తే దృశ్యాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మూడో సమాధానం:
తెలుగు పేర్లు వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి ‘వస్త్రం’ వంటి మాటలు ముక్కలుగా కనిపిస్తాయి. ప్రీమియర్ ప్రో వాడేవారు గ్రాఫిక్స్ సెట్టింగులలో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకోవాలి. మండలి, రామభద్ర ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద శీర్షికలకు రామభద్ర, కింద వేసే పేర్లకు మండలి నప్పుతాయి. నేతన్నల పేర్లు, ఊరి పేరు ముందుగా టైపు చేసి, చిన్న క్లిప్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోనులోనూ చూసి నిర్ధారించుకోండి.