అప్‌డేట్: పాత ఐడీలతోనే డేటా ఎక్కింది

పాత డేటాబేస్‌లోని కస్టమర్ల రికార్డులను అవే ఐడీ నంబర్లతో పోస్ట్‌గ్రెస్ (ఇదో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) టేబుల్‌లోకి ఎక్కించబోతే ఎర్రర్ వస్తోందని అడిగాను కదా, పని అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఐడీ కాలమ్ 'జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ' అని, అంటే నంబర్ ఎప్పుడూ డేటాబేసే వేసేలా ఉంది కాబట్టి మనమిచ్చే నంబర్ తీసుకోదు. రికార్డులు చేర్చే ఇన్సర్ట్ కమాండ్‌లో కాలమ్ పేర్ల తర్వాత, వేల్యూస్‌కి ముందు 'ఓవర్‌రైడింగ్ సిస్టమ్ వేల్యూ' అని రాస్తే తీసుకుంది. కాలమ్‌నే 'బై డిఫాల్ట్'కి (మనం నంబర్ ఇవ్వకపోతేనే డేటాబేస్ వేసేలా) మార్చమని కొందరన్నారు. నాకది నచ్చలేదు. రేపు ఏ ప్రోగ్రామైనా పొరపాటున సొంత నంబర్ పంపితే ఆపేవాళ్లుండరు. కాపీ కమాండ్‌తో ఫైల్ నుంచి ఎక్కించేవాళ్లకైతే ఇదేమీ అక్కర్లేదు, ఫైల్లోని నంబర్లే పడతాయి.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. మనమిచ్చిన నంబర్లు సీక్వెన్స్‌కి, అంటే వరసగా ఐడీలిచ్చే కౌంటర్‌కి తెలియవు. కొత్త టేబుల్ అయితే అది 1 నుంచే మొదలుపెడుతుంది, ఆ నంబర్ అప్పటికే ఉంటే డూప్లికేట్ కీ ఎర్రర్ ఖాయం. అందుకే 'పీజీ_గెట్_సీరియల్_సీక్వెన్స్'తో సీక్వెన్స్ పేరు తెలుసుకుని, 'సెట్‌వాల్'తో దాన్ని ఐడీల్లో అన్నిటికంటే పెద్ద నంబర్‌కి జరిపాను. తర్వాతి రికార్డుకు దానికి పై నంబర్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెద్ద నంబర్ ఇస్తే కౌంటర్ దానంతటదే ముందుకు జరుగుతుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఈ మెట్టు మాత్రం వదిలేయకండి.