ట్యాబ్ తీసేస్తే స్టాఫ్ నొటేషన్ చదవలేకపోతున్నాను, సాఫ్ట్‌వేర్‌తో సాధన ఎలా చేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాను. కార్డ్స్ వచ్చు, ట్యాబ్ (ఏ తీగను ఏ ఫ్రెట్‌లో నొక్కాలో అంకెలతో చూపే రాత) చూసి పాటలు వాయిస్తాను. మూడు నెలల కిందట స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) మొదలుపెట్టాను. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, పైన స్టాఫ్, కింద ట్యాబ్ పెట్టుకుని, ప్లే నొక్కి దాంతోపాటే వాయిస్తున్నాను. బాగానే వస్తోందని అనుకున్నాను. నిన్న మా సార్ ట్యాబ్ లేని కాగితం ముందు పెడితే మొదటి బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) దగ్గరే ఆగిపోయాను. ఒక్కో నోట్‌కీ కింది నుంచి గీతలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చాలా సిగ్గేసింది.

ఇంకో రెండు సందేహాలు. కాగితం మీద మిడిల్ సి చూసి గిటార్ మీద వాయిస్తే, కీబోర్డు మిడిల్ సి కన్నా కింద పలుకుతోంది. నా ట్యూనింగ్ తప్పా? చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను కాబట్టి సి దగ్గర ‘స’, డి దగ్గర ‘రి’ అని పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. అలా చేయొచ్చా? విండోస్ లాప్‌టాప్ ఉంది. ఉచితంగా దొరికేవి చెబితే మేలు.

గిటార్ టీచర్ జవాబు:

ముందు ట్యూనింగ్ సంగతి. మీ గిటార్ బాగానే ఉందండీ. గిటార్‌కి రాసే నొటేషన్ రాసినదాని కన్నా ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద పలుకుతుంది. క్లెఫ్ (స్టాఫ్ మొదట్లో ఉండే గుర్తు) కింద చిన్న 8 అంకె కనిపిస్తే దానర్థం అదే. చాలా పుస్తకాల్లో ఆ అంకె కూడా వేయరు. కాగితం మీద మిడిల్ సి అంటే గిటార్‌లో 5వ తీగ 3వ ఫ్రెట్ (మెట్టు), సుమారు 131 హెర్ట్జ్. కీబోర్డు మిడిల్ సి 262 దగ్గర ఉంటుంది. అది కావాలంటే 2వ తీగ 1వ ఫ్రెట్ నొక్కాలి. మ్యూజ్‌స్కోర్‌లో వాద్యం పియానో అని పెట్టి గిటార్ పాఠం ఎక్కిస్తే అది ఒక ఆక్టేవ్ పైన వినిపిస్తుంది. కాబట్టి వాద్యం గిటార్ అనే ఉందో లేదో చూసుకోండి.

అసలు ఇబ్బంది కింద ఉన్న ట్యాబ్. రెండూ కనిపిస్తే కన్ను తేలికైనదాని మీదికే పోతుంది. మూడు నెలలుగా మీరు చదివింది ట్యాబే. మ్యూజ్‌స్కోర్‌లో వాద్యాల జాబితా తెరిస్తే ట్యాబ్ స్టాఫ్ పక్కన కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ట్యాబ్ కనపడకుండా పోతుంది. ఇవాళే ఆ పని చేయండి.

గిటార్ మీద నొటేషన్ చదవడం కీబోర్డు కన్నా కష్టమే, అందులో మీ లోపం ఏమీ లేదు. స్టాఫ్ పై ఖాళీలో ఉండే ఇ నోట్‌నే తీసుకోండి. 1వ తీగ (అన్నిటికన్నా సన్నది) ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఓపెన్‌గా, 2వ తీగ 5వ ఫ్రెట్‌లో, 3వ తీగ 9వ ఫ్రెట్‌లో, 4వ తీగ 14వ ఫ్రెట్‌లో, ఎక్కడైనా అదే స్వరం. ఎక్కడ నొక్కాలో ట్యాబ్ చెప్పేస్తుంది, స్టాఫ్ చెప్పదు. అందుకే కొన్నాళ్లు మొదటి నాలుగు ఫ్రెట్లు దాటకండి. కింది మూడు సన్న తీగలతో మొదలుపెట్టండి: 3వ తీగ మీద జి, ఎ; 2వ తీగ మీద బి, సి, డి; 1వ తీగ మీద ఇ, ఎఫ్, జి. షార్పులు, ఫ్లాట్లు లేకుండా ఈ ఎనిమిదీ తడుముకోకుండా వచ్చాకే లావు తీగల జోలికి వెళ్లండి.

రోజూ నాలుగు బార్లు చాలు. గిటార్ పక్కన పెట్టి, ముందు తొడ మీద తాళం వేస్తూ నోట్ల నిడివి మాత్రం పలకండి. తర్వాత పేర్లు పైకి చదవండి. అప్పుడు గిటార్ తీసుకుని మెట్రోనోమ్ 50కి (నిమిషానికి 50 బీట్లు) పెట్టి వాయించండి. తప్పినా ఆగొద్దు. ఇదంతా అయ్యాకే ప్లే నొక్కి, మీరు వాయించినదీ కంప్యూటర్ వాయించినదీ ఒకటేనా అని వినండి. ముందే వింటే చెవి గుర్తుపెట్టేసుకుంటుంది, ఇక కళ్లకు పని ఉండదు.

కర్ణాటక వయొలిన్ నేర్చుకున్న సభ్యురాలి జవాబు:

సి దగ్గర ‘స’ అని రాసింది చెరిపేయండి బాబూ, నేనూ అక్కడే ఏడాది చిక్కుకుపోయాను. మన షడ్జం ఏ శ్రుతికైనా జరుగుతుంది, సి మాత్రం ఎప్పుడూ సి దగ్గరే ఉంటుంది. సి మేజర్ స్వరాలు మన 29వ మేళం ధీరశంకరాభరణం స్వరాలే కాబట్టి అక్కడ మీ లెక్క సరిపోతుంది. అదే జి మేజర్‌కి వెళ్తే ‘స’ జి మీద పడుతుంది, సి శుద్ధ మధ్యమం అవుతుంది. పెన్సిల్ రాతలన్నీ తప్పిపోతాయి.

లయకు మాత్రం మీ పాత చదువు బాగా పనికొస్తుంది. ఒక బీట్‌లో రెండు ఎయిత్ నోట్లుంటే ‘తక’, నాలుగు సిక్స్‌టీన్త్ నోట్లుంటే ‘తకధిమి’, ట్రిప్లెట్ (ఒక బీట్‌లో మూడు సమాన నోట్లు) వస్తే ‘తకిట’. చేత్తో బీట్ వేస్తూ నోటితో చెప్పుకోండి. వన్ అండ్ టూ అండ్ అని లెక్కపెట్టడం కన్నా నాకు ఇదే నోట్లో తిరిగింది.

ఇంకో సభ్యుడు:

మ్యూజ్‌స్కోర్ ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. అదే పేరుతో ఉన్న స్కోర్ల సైటులో దించుకోవడానికి డబ్బు అడగొచ్చు, అది వేరు. రెండూ ఒకటే అనుకుని కార్డు వివరాలు ఇచ్చేయకండి.

అడిగిన సభ్యుడు, పది రోజుల తర్వాత:

ట్యాబ్ దాచేశాను. మొదటి మూడు రోజులు నరకం కనిపించింది, ఇప్పుడు ఎనిమిది నోట్లూ పట్టుబడుతున్నాయి. 60 మీద వాయించగలుగుతున్నాను, 80కి పెంచితే తప్పుతోంది. టక్స్‌గిటార్ అనే ప్రోగ్రాంలో లూప్ (అవే బార్లు మళ్లీ మళ్లీ తిరిగేలా) పెట్టుకోమని ఫ్రెండ్ అన్నాడు. పెట్టుకోవచ్చా?

గిటార్ టీచర్:

వేగం కోసమైతే తప్పకుండా పెట్టుకోండి. టక్స్‌గిటార్ కూడా ఉచితమే, గిటార్ ప్రో అనే మరో ట్యాబ్ ప్రోగ్రాం పాత ఫైళ్లనూ తెరుస్తుంది. అందులో సాధన కోసం ఒక ప్లే మోడ్ ఉంది. 50 శాతం టెంపోలో (వేగంలో) మొదలుపెట్టి, ప్రతి చుట్టుకీ 5 శాతం పెంచుతూ 100 దాకా వెళ్లమని చెప్పొచ్చు. తప్పుతున్న రెండు బార్లే ఎంచుకోండి, పేజీ మొత్తం తిప్పొద్దు.

కానీ లూప్ చదవడం నేర్పదు. నాలుగో చుట్టుకే ఆ బార్లు వేళ్లకు కంఠతా వచ్చేస్తాయి. అందుకే చదివే సాధనకు రోజూ కొత్త బార్లు కావాలి. కొత్త పుస్తకం కొనక్కర్లేదు. పాత పేజీలోనే మొదట చివరి బార్, తర్వాత దానికి ముందున్న బార్, అలా వెనక్కి వాయించుకుంటూ రండి. రాగం తెలిసిన వరుసలో ఉండదు కాబట్టి ప్రతి నోట్‌నూ చూసి తీరాలి.

అడిగిన సభ్యుడు:

ఇవాళ అలాగే చేశాను సార్. ఒక్కచోటే ఆగిపోతున్నాను. పక్కన చుక్క ఉన్న క్వార్టర్ నోట్, దాని వెంటే ఒక ఎయిత్ నోట్. ఆ రెండోది ప్రతిసారీ తొందరగా పడిపోతోంది.

గిటార్ టీచర్:

మేడమ్ చెప్పినట్టే నోటితో చెప్పండి. చుక్క నోట్ బీటున్నర, ఎయిత్ నోట్ అర బీట్, ఆ రెండు నోట్లూ కలిపి రెండు బీట్లు, అంటే ‘తక తక’. చుక్క నోట్ మొదటి ‘త’ మీద మీటి, ‘త క త’ అయ్యేదాకా మోగనివ్వండి. చివరి ‘క’ మీద ఎయిత్ నోట్. రెండో బీట్‌కి కాలు నేలను తాకినప్పుడు మీటే చెయ్యి కదలకూడదు. కాలు మళ్లీ పైకి లేచేటప్పుడు మీటండి.