అప్‌డేట్: పొదుపు చేస్తూనే అరకు వెళ్లొచ్చాం

లోన్ తీరుస్తూ కూడా సరదాకి ఖర్చు పెట్టొచ్చా అని మార్చిలో నేనిక్కడ ఒక ప్రశ్న అడిగాను. ఇంటి లోన్ తొందరగా తీర్చాలని మూడేళ్లుగా అన్నీ మానుకున్నామని, పాప బీచ్‌లో మురీ మిక్చర్ అడిగినా వద్దంటున్నానని రాశాను. చాలామంది ఒకటే చెప్పారు: సరదాకి కూడా ముందే కొంత పక్కన పెట్టు, అది ఖర్చయితే బాధపడకు.

అలాగే చేశాం. జీతం పడగానే ఈఎంఐ, పోస్టాఫీసు ఆర్‌డీ పోగా రెండు వేలు ఒక కవర్‌లో పెడుతున్నాం. కూరగాయలు ఇప్పటికీ విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్లోనే. అది పొదుపు కోసం కాదు, అక్కడ తాజాగా దొరుకుతాయి.

మొదటి నెల కవర్ ముట్టుకోలేకపోయాను. నిజంగా చెయ్యి రాలేదు. రెండో నెల ఆర్కే బీచ్‌లో ముగ్గురం మిక్చర్ తిని, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపల తిరిగి వచ్చాం.

మొన్న అత్తయ్యని కూడా తీసుకుని కిరండూల్ ప్యాసింజర్లో అరకు వెళ్లాం. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే పట్టుకెళ్లాం. బొడ్డవర స్టేషన్ దాటాక సొరంగాలు మొదలయ్యాయి. పాప, అత్తయ్య కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దాటాక తప్పిపోయారు. విశాఖలోనే పుట్టి పెరిగిన ఆవిడ అరవై రెండేళ్లకి మొదటిసారి బొర్రా గుహలు చూశారు. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి వదల్లేదు. ఇన్నాళ్లూ ఎందుకు ఆపానా అని ఏడుపొచ్చింది.

లోన్ తీరడం మేము అనుకున్నదానికంటే కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. మా ఆయనకి ఆ టెన్షన్ ఇంకా పోలేదు, ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. ఈ నెల కవర్ మాత్రం ఆయన చేతికే ఇచ్చాను.