యాడ్‌లో పనిమనిషికీ వాచ్‌మన్‌కీ యాస పెట్టడం హాస్యమా, ఎగతాళా?

కొత్తవలస ప్యాసింజర్:
టీవీలో, ఎఫ్‌ఎంలో వచ్చే యాడ్స్ ఓసారి చెవి పెట్టి వినండి. వాచ్‌మన్, పనిమనిషి, ఏమీ తెలీని బామ్మర్ది నోరు తెరిస్తే మా శ్రీకాకుళం యాసో, లేదంటే తెలంగాణ యాసో వస్తాది, అదే టూత్‌పేస్ట్ గురించి చెప్పే డాక్టరమ్మ మాత్రం పాఠ్యపుస్తకం చదివినట్టు మాట్లాడతాది. ఇది సెటైర్ అంటే నేనొప్పుకోను. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరు, ఆయన సారా కథల్లో జనం మా యాసలోనే మాట్లాడతారు కదా, చదివినోళ్ళకి ఆ యాస చూసి నవ్వొచ్చిందా? మద్యనిషేధం అడ్డం పెట్టుకుని పోలీసులూ ప్లీడర్లూ ఎవరి వాటా వాళ్ళు ఎలా నొక్కేస్తున్నారో చూసి నవ్వొస్తాది, ఆ వెంటనే కడుపు మండుతాది. ఎవర్ని చూసి నవ్విస్తున్నారు అన్నదే నా పాయింటు.

బెజవాడ స్క్రిప్ట్:
నేను యాడ్స్‌కి తెలుగు స్క్రిప్టులు రాస్తాను కాబట్టి లోపల జరిగేది చెప్తా. చాలా యాడ్స్ ముంబైలో హిందీలో తీసేసి పంపిస్తారు, బొమ్మ మార్చడానికి లేదు, పెదాల కదలికకి సరిపడా మాటలు పడాలి, హిందీలో పేలిన జోకు తెలుగులోకి వచ్చేసరికి చచ్చిపోతుంది. అప్పుడు స్టూడియోలో అద్దం అవతల నుంచి "కొంచెం యాస కొట్టించండి సార్, కామెడీ వస్తుంది" అంటారు. రేడియో అయితే ఇంకా కష్టం, మొహం కనపడదు, ఇరవై సెకన్లలో మాట్లాడేది ఎవరో తెలియాలంటే గొంతు తప్ప ఏముంది? నవల రాసేవాళ్ళకి మూడొందల పేజీలుంటాయండీ. పైగా గోదారి యాస కూడా వాడతాం, వాళ్ళెవరూ బాధపడటం చూళ్ళేదే.

ఓరుగల్లు:
అన్నా, గోదారోళ్ళ యాస వాడితే వాళ్ళు వెటకారం చేసేటోళ్ళు అయితరు, మా యాస వాడితే మేం వెటకారానికి దొరికేటోళ్ళం అయితం, రెండూ ఒక్కటెట్ల అయితయ్? ఎన్నేండ్లు సినిమాల్ల మా యాస రౌడీ పక్కన ఉండేటోనికి, లేకుంటే కమెడియన్‌కే ఇచ్చిన్రు, తెలంగాణ ఉద్యమంల జనం కోపానికి అది కూడా ఒక కారణమే. 2017ల ఫిదా వచ్చి హీరోయిన్ అదే యాసల మాట్లాడితే మా ఇంట్ల ఆడోళ్ళంత ఎంత సంబురపడ్డరో! 2023ల బలగం చూడున్రి, అండ్ల అందరిదీ మా యాసనే, గందుకే యాస మీద నవ్వు రాదు. మటన్ కూరల నల్లి బొక్క వెయ్యలేదని అల్లుడు అలిగి ఏండ్లకేండ్లు అత్తగారింటి గడప తొక్కకపాయె, నవ్వొచ్చేది గా పంతం చూసి. గసొంటి అల్లుడు ప్రతి ఇంట్ల ఉన్నడు.

పాత పేపర్లు:
నాకు మాత్రం భయంగా ఉందండీ. ప్రతి దానికీ మనోభావాలు దెబ్బతింటే రేపు ఎవరూ నవ్వించే ధైర్యం చెయ్యరు. కన్యాశుల్కం ఇవాళ కొత్తగా వేస్తే మొదటి రోజే కేసు పడుతుంది, అందులో ఎవర్ని వదిలిపెట్టారు గురజాడ? అమూల్ వాళ్ళు 1966 నుంచి ఆ చుక్కల గౌను పిల్ల బొమ్మతో అందరి మీదా జోకులు వేస్తూనే ఉన్నారు. అవి కూడా ఆపేయమంటారా?

కొత్తవలస ప్యాసింజర్:
ఆపమని ఎవరన్నారు మాస్టారూ, నాకు అవి చాలా ఇష్టం. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డప్పుడు సత్యం శివం సుందరం అన్న మాటని తిప్పి అమూల్ హోర్డింగ్ పెట్టారు, దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. బెజవాడ అన్నయ్యా, మీరు టైం లేదన్నారు కదా, హోర్డింగ్‌కి ఇరవై సెకన్లు కూడా ఉండవు, బండి మీద పోతూ చూసేది ఒక్క బొమ్మ ఒక్క లైను, అయినా పేలుతోంది. కాబట్టి టైం సాకు నాకు ఎక్కట్లేదు. గురజాడ కూడా అంతే, పిల్లని డబ్బుకి అమ్ముకునే తండ్రినీ, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఊరందర్నీ బురిడీ కొట్టించేవాణ్ణీ పట్టుకున్నాడు, తను పుట్టి పెరిగిన సమాజాన్నే నిలదీశాడు. మరి 2023 జూన్‌లో జొమాటో ఏం చేసింది? పర్యావరణ దినోత్సవం అని లగాన్ సినిమాలో కచ్రా (హిందీలో చెత్త అని అర్థం) అనే దళిత పాత్ర వేసిన నటుణ్ణి తెచ్చి ఓ చోట టేబుల్‌గా, ఓ చోట లాంపుగా కూర్చోబెట్టారు, చెత్తని మళ్ళీ వాడొచ్చు అని చెప్పడానికట! జనం తిట్టాక తీసేశారు, ఎస్సీ కమిషన్ నోటీసు కూడా ఇచ్చింది. ఉద్దేశం మంచిదే అంటారు, కానీ అంతమంది చూసి ఓకే చేసిన ఆ స్క్రిప్టులో మనిషిని బల్ల చేస్తున్నాం అని ఒక్కరికీ తట్టలేదా?
ఈసారి యాస కొట్టమంటే ఆ యాస డాక్టరుకి పెట్టండన్నయ్యా. విశాఖ కేజీహెచ్ ఆస్పత్రిలో మా యాసలో మాట్లాడే డాక్టర్లు లేరా ఏటి?

బెజవాడ స్క్రిప్ట్:
హోర్డింగ్ మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ డాక్టరుకి యాస పెడితే క్లయింట్ మొదటి ప్రశ్న "ఇందులో కామెడీ ఏముంది" అనే. వచ్చే వారం ఒక నొప్పుల బామ్ స్క్రిప్టు ఉంది, డాక్టరుకి శ్రీకాకుళం యాస, పేషెంటుకి మా బెజవాడ తెలుగు పెట్టి పంపిస్తాను. ఏమన్నారో ఇక్కడే రాస్తా.