మెట్ల మీద వీపులో కాల్చిన పోలీసును హీరో అనొచ్చా?

కాటా గుమాస్తా, నెల్లూరు:
నిన్న రాత్రి మిల్లు నుంచి వచ్చి 'ది ఫ్రెంచ్ కనెక్షన్' మళ్ళీ చూశాను. 1971లో వచ్చిన న్యూయార్క్ పోలీసు సినిమా. ఉత్తమ చిత్రంతో కలిపి 5 ఆస్కార్లు వచ్చాయి. ఫ్రాన్స్ నుంచి కారులో దాచి తెచ్చిన హెరాయిన్‌ను పట్టుకోవడానికి పొపాయ్ డాయిల్ అనే డిటెక్టివ్ పడే పాట్లే కథ. చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నా.

మా మిల్లు కుర్రాళ్ళందరికీ డాయిల్ హీరో. నాకు కాదు. కారులో రైలును తరిమి తరిమి, చివరికి మెట్ల మీద వెనక్కి తిరిగి పారిపోబోతున్న హంతకుణ్ణి వీపులో కాలుస్తాడు. కుర్రాళ్ళు ఈల వేసింది అక్కడే. నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది.

నాకు నచ్చిన సీను వేరే ఉంది. పట్టుకున్న లింకన్ కారును ముక్కలు ముక్కలుగా విప్పినా ఏమీ దొరకదు. అప్పుడు కారు బరువు లెక్క చూస్తారు. కంపెనీ చెప్పిన బరువు కన్నా 120 పౌండ్లు ఎక్కువ, అంటే మన లెక్కలో 54 కిలోలు. తలుపుల కింద పట్టీల్లో సరుకు బయటపడుతుంది. ఇరవై ఏళ్ళుగా వేబ్రిడ్జి దగ్గర కూర్చున్నవాణ్ణి, ఖాళీ లారీ బరువుకూ లోడు బరువుకూ తేడా పట్టుకోవడమే నా పని. మనిషి మీద చెయ్యి వెయ్యకుండా కేసు తేలింది ఆ కాటా మీదే గదా! స్మగ్లర్లు వెచ్చగా హోటల్లో భోంచేస్తుంటే డాయిల్ బయట చలిలో నిలబడి పిజ్జా ముక్క నములుతూ కాపు కాస్తాడు. ఆ ఓపికకైతే నేనూ దణ్ణం పెడతాను.

పెన్నా గట్టు:
అన్నా, ఆ చచ్చినవాడు ఎవడో మర్చిపోయావా? మేడ మీద నుంచి డాయిల్‌కు గురిపెట్టి, పిల్లబండి తోసుకుంటూ పోయే ఒక తల్లిని చంపేశాడు. రైలెక్కి పోలీసును కాల్చాడు. వాణ్ణి వదిలేస్తే ఇంకెంతమంది పోయేవాళ్ళో. ఇంకో మాట. సినిమా పోస్టర్ మీద వేసిందే ఆ మెట్ల సీను. అది తప్పని చెప్పదలచుకున్నవాళ్ళు దాన్నే చూపించి టికెట్లు అమ్ముకుంటారా?

ఒంగోలు వకీలు:
ఎన్‌కౌంటర్ సంగతి పక్కన పెట్టి, కొట్టి నిజం చెప్పించే సీన్ల గురించి మాట్లాడతాను, ఎందుకంటే మన సినిమాల్లో చప్పట్లు ఎక్కువ పడేది వాటికే. పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షన్ అయింది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం, ఇంట్లోవాళ్ళకు కబురు, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష. ఇవి పాటించని కేసును కోర్టులో నిలబెట్టడం ఎంత కష్టమో రోజూ చూస్తున్నాను. కొట్టినవాడే కేసును పాడుచేసుకుంటాడు.

కావలి టీచరమ్మ:
గుమాస్తా గారూ, మా తమ్ముడి సంగతి చెప్పాలి. ఎవరిదో బండి పోయిందని అనుమానం మీద తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచుకున్నారు. మూడో రోజు ఆ బండి సొంతదారు బావమరిది ఇంట్లోనే దొరికింది. వీణ్ణి పంపేశారు, అంతే. ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ సినిమాకు వెళ్తే స్టేషన్లో కొట్టే సీను రాగానే లేచి బయటికి వెళ్ళిపోతాడు. హాలంతా ఈలలు, వాడు మెట్ల మీద కూర్చుని ఉంటాడు. సినిమా తీసినవాళ్ళ ఉద్దేశం మంచిదే అనుకుందాం. ఈల వేసేవాళ్ళకు అది చేరుతోందా?

కాటా గుమాస్తా, నెల్లూరు:
పోస్టర్ సంగతి పెన్నా తమ్ముడు చెప్పింది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. ఆ చచ్చినవాడు మంచోడని కూడా నేననను. కానీ అలా కాల్చడం అలవాటైన మనిషి తర్వాత ఏం చేశాడో చూడు. పాడుబడ్డ భవనంలో చీకట్లో స్మగ్లర్ అనుకుని కాలుస్తాడు. పడింది తనతోపాటు పనిచేస్తున్న ఫెడరల్ ఏజెంటు. డాయిల్ ఒక్క క్షణం కూడా ఆగడు, తుపాకీలో గుళ్ళు నింపుకుని ముందుకు పోతాడు. తెర బయట ఒక కాల్పు వినిపించి సినిమా అయిపోతుంది.

ఆ తర్వాత తెర మీద అక్షరాలు వస్తాయి. పెద్ద స్మగ్లర్ దొరకనే లేదు. సరుకు కొనబోయిన ఆసామి మీద కేసు సరైన సాక్ష్యం లేదని కొట్టేశారు. వకీలు గారు చెప్పిన మాటే. డాయిల్‌నూ అతని జోడీనీ మత్తుమందుల విభాగం నుంచి తీసేశారు. ఆ నాలుగు ముక్కలు చదివినవాడు ఈల వెయ్యలేడు.

టీచరమ్మా, మీరు అడిగింది రాత్రంతా నన్ను వదల్లేదు. మా కుర్రాళ్ళు మెట్ల సీనుకు ఈల వేసి, చివరి కాల్పు వినపడగానే లేచి టీ కొట్టుకు పోయారు. ఆ అక్షరాలు ఒక్కడూ చదవలేదు. ఆదివారం మిల్లుకు సెలవు. మళ్ళీ వేస్తున్నాను. టీ నేనే తెప్పిస్తాను, ఆ అక్షరాలు తెలుగులో చదివి వినిపించేదాకా ఎవర్నీ లేవనివ్వను.