సిరిమాను బొమ్మ పెట్టిన కుర్రాడికి నేను చెప్పింది తప్పా?

పాతబ్రష్షు (విజయనగరం)

నాకు అరవై రెండేళ్లు. విజయనగరంలో ముప్పయ్యేళ్లకు పైగా బోర్డులు రాసి బతికాను. దుకాణాల పేర్లు, లారీల వెనక నెమళ్లు, ఎన్నికలొస్తే గోడలు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. పండక్కి వచ్చిన మా అమ్మాయి తన పాత ట్యాబు నాకిచ్చి, అందులో ఐబిస్ పెయింట్ అనే బొమ్మలు గీసే యాప్ పెట్టి వెళ్లింది. మసిగుడ్డ, టర్పెంటైన్ వాసన లేకుండా రంగు వేయడం నాకింకా వింతగానే ఉంది. అందుకని నేను గీసేది తక్కువ, పిల్లలు గీసి పెట్టినవి చూసేది ఎక్కువ.

పోయిన వారం ఇంటర్ చదివే కుర్రాడొకడు పైడితల్లమ్మ సిరిమానోత్సవం బొమ్మ పెట్టాడు. ఫోను మీద, వేలితో గీశాడట. ఊరేగింపులో ముందు బెస్తవారి వల, అంజలి రథం, పాలధార, వాటి వెనక ఆకాశంలోకి లేచిన సిరిమాను అనే పొడవాటి చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. జనాన్ని గీయడంలో ఆ పిల్లాడికి భలే ఓపిక ఉంది. ఒక్క తల లాగా ఇంకో తల లేదు. భుజాన పిల్లను ఎక్కించుకున్న తండ్రి, అరటిపండు విసరబోతూ చెయ్యెత్తిన ఆవిడ, చెప్పు జారిపోయి వంగి వెతుక్కుంటున్న ముసలాయన. బొమ్మ కింద ముప్పై మంది దాకా 'సూపర్', 'అదిరింది' అని రాసి చప్పట్ల గుర్తులు పెట్టారు.

నేను రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను: "బాబూ, చూపు ఎత్తు తప్పింది, జనం గోతిలో ఉన్నట్టున్నారు. మాను బరువు తెలియడం లేదు, గాలిలో అతికించినట్టుంది. నీడలకు నలుపు వాడకూడదు. పూజారి అరచేయి చిన్నది. ఆకాశం మరీ నీలం. కోట గోడ గీతలు వంకర. మళ్లీ మొదటి నుంచి గీయి."

అరగంటలో బొమ్మ తీసేశాడు. అప్పటి నుంచి కొత్తది ఏదీ పెట్టలేదు.

మొదట నాకు కోపం వచ్చింది. ఇంత సున్నితమైతే పని ఎలా వస్తుంది అనుకున్నాను. రాత్రి పడుకున్నాక ఆ చెప్పు వెతుక్కునే ముసలాయనే కళ్లముందు మెదిలాడు. అబద్ధం ఒక్కటీ రాయలేదు నేను. అయినా ఎవరి గోడ మీదో రంగు ఒలకబోసి వచ్చినవాడిలా ఉంది. ఇలాంటప్పుడు మీరంతా ఎలా చెబుతారు? అసలు చెప్పకుండా ఊరుకోవాలా?


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం, ఇప్పుడు హైదరాబాదు)

మాస్టారూ, నేను ఒక యానిమేషన్ స్టూడియోలో వెనక దృశ్యాలు గీస్తాను. రోజూ నా బొమ్మకు నలుగురైనా వంకలు పెడతారు. జీతం ఇస్తున్నారు కాబట్టి పడతాను. ఆ పిల్లాడికి ఎవరూ జీతం ఇవ్వలేదు.

మీరు చెప్పినవి లెక్కపెట్టాను, ఏడు. వాటిలో ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియదు. అరచేయి దిద్దడం పది నిమిషాల పని. చూపు ఎత్తు, అంటే చూసేవాడి కన్ను ఉన్న ఎత్తు, మార్చడమంటే బొమ్మ మొత్తం మార్చడం. రెండింటినీ ఒకే వరసలో చదివినవాడికి 'నీకు గీయడం రాదు' అన్నట్టే వినిపిస్తుంది. ఒక్కటే చెప్పనిస్తే ఏది చెబుతారో ముందు మీరే తేల్చుకోండి.

'నలుపు వాడకూడదు' అన్నారు. సరే, మరి ఏది వాడాలి? ఫోన్లో గీసే పిల్లలు మామూలుగా నీడ కోసం పైన ఒక లేయర్ (గాజు కాగితం లాంటి పొర) వేసి, దాన్ని మల్టిప్లైలో, అంటే కింది రంగులను ముదురు చేసే పద్ధతిలో పెట్టి నలుపో బూడిదో పూస్తారు. కింది రంగులన్నీ మసి పట్టినట్టవుతాయి. అదే లేయర్‌లో నలుపు తీసి, ఊదా కలిసిన నీలం పోసి చూడమనండి. నిమిషంలో తేడా తన కళ్లకే కనిపిస్తుంది. సిరిమాను కదిలేది మధ్యాహ్నం దాటాక కదా, ఎండ పసుపెక్కి ఉంటుంది, నీడలు చల్లని రంగులోకి పోతాయి. మన వడ్డాది పాపయ్య గారి పాత చందమామ అట్ట మీ దగ్గర ఏదైనా ఉంటే, నీడలు ఎలా వేశారో చూడమని ఫోటో తీసి పంపండి. ఆయన 1921లో పుట్టింది మా శ్రీకాకుళంలోనే అని కూడా చెప్పండి, పక్క ఊరివాడంటే పిల్లలు ఇంకాస్త చూస్తారు.

ఇంకో సంగతి. ఐబిస్ పెయింట్ మనం గీస్తున్నంతసేపూ తనంతట తనే వీడియో దాచి పెడుతుంది. అది చూపించమని అడగండి. ఏది ముందు గీశాడో, ఎక్కడ తడబడ్డాడో, ఏది పదిసార్లు చెరిపాడో అందులో తెలిసిపోతుంది. లేయర్లు విడివిడిగా ఉన్నాయా, అన్నీ కలిపేశాడా అన్నది కూడా కనుక్కోండి. కలిపేసిన బొమ్మలో 'మానును కొంచెం పక్కకు జరుపు' అనడం గోడ కట్టేశాక పునాది జరపమనడమే.

అతని బొమ్మ మీద మీరే గీసి చూపించాలనిపిస్తే అనుమతి అడగండి. ఎర్రరంగులో రెండు మూడు గీతలు చాలు. ఒకసారి ఒకాయన నేను గీసిన అమ్మాయి మొహాన్ని పూర్తిగా తన పద్ధతిలో గీసి 'ఇలా ఉండాలి' అని పెట్టాడు. బాగానే గీశాడు. నేను ఆ ఫైలు మళ్లీ తెరవలేదు.


ఉప్పుకారం (బొబ్బిలి)

నాకు ఈ బుజ్జగింపులు గిట్టవు. రెండేళ్ల పాటు వీణలు, వినాయకులు, ఆడవాళ్ల మొహాలు ఎయిర్ బ్రష్షుతో మైనపు బొమ్మల్లా నునుపు చేసి పెట్టాను. అందరూ అద్భుతం అన్నారు. తర్వాత ఒక పత్రికకు కథ బొమ్మ పంపితే, అక్కడి ఆర్టిస్టు దాన్ని నలుపు తెలుపులోకి మార్చి తిప్పి పంపాడు. ఒక్క ముక్క రాయలేదు. రాయనక్కరలేదు కూడా. మొహం, చీర, వెనక గోడ, మూడూ ఒకే బూడిద రంగు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పక్కపక్కన ఉంటే వేరుగా ఉన్నాయనుకున్నాను తప్ప, వెలుగులో తేడా లేదని నాకు తట్టలేదు. కళ్లు చికిలించి చూస్తే తెలిసేది. ఆ మాట రెండేళ్లలో ఒక్కరూ అనలేదు.

మాస్టారూ, చెప్పడం మానకండి. ముప్పై మంది మెచ్చుకున్న చోట, వాళ్లందరి ముందూ చెప్పారు చూడండి, అదొక్కటే మీరు చేసిన పొరపాటు. విడిగా రాయండి.


పాతబ్రష్షు

నాగావళి అమ్మా, ఏడు అని లెక్కపెట్టేసరికి నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు నా అక్షరం బాగోలేదని ఒక్కసారీ అనలేదు. సుద్ద గీతలు చెరపకముందే రేకు బోర్డు ఎత్తించి, రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న మంగలి షాపులోకి తీసుకెళ్లేవారు. అక్కడ నిలువుటద్దం ముందు నిలబెట్టేవారు. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి కాబట్టి చదవడానికి రాదు. చదవలేనప్పుడు కన్ను ఆకారాన్నే చూస్తుంది. 'శ్రీ'కీ పక్క అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ ఉంది, తలకట్లన్నీ ఒకే వాలులో ఉన్నాయా, సున్నాలు గుండ్రమా కోడిగుడ్లా. కుర్చీలో కూర్చున్నవాళ్లు గడ్డాన సబ్బు నురగతోనే తిరిగి చూసేవారు. "ఏం కనబడుతోంది?" అని అడిగి ఆయన బీడీ వెలిగించుకునేవారు. నేను చెప్పేదాకా ఆయన నోరు తెరిచేవారు కాదు. ఒక్కోసారి బీడీ అయిపోయేది.

ట్యాబులో బొమ్మను అద్దంలోలా తిప్పే మీట ఉందని మా అమ్మాయి చూపించిన రోజు ఆయనే గుర్తొచ్చారు. ఈ పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుర్తు రాలేదు.


పత్తిపోగు (పొందూరు)

మీ మంగలి షాపు అద్దం మాకు క్రితా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఎమ్ మీట, మాస్టారూ. నేనైతే రోజుకు వందసార్లు నొక్కుతాను.

మా నాయనమ్మ పత్తి ఏకుతున్న బొమ్మ ఒకటి గీసి పెట్టాను. మా ఊరి ఖాదీకి పత్తి శుభ్రం చేసేది వాలుగ చేప దవడ ఎముకతో. ఒకాయన "చేతిలో దువ్వెన వికారంగా ఉంది, పళ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి, అసలు దువ్వెన చూసి నేర్చుకోండి" అని రాశారు. నాయనమ్మకు చదివి వినిపిస్తే, వెళ్లి ఆ చేపకు చెప్పమను అంది. ఆ మర్నాడే ఒకావిడ "ఆ చేతిలో ఉన్నదేమిటండీ? నాకు తెలియలేదు, మొహం చూద్దామన్నా చూపు దాని మీదికే పోతోంది" అని రాశారు. అప్పుడు మళ్లీ చూసుకున్నాను. ఎముకను ఉండాల్సిన దానికంటే పెద్దగా గీశాను. వెలుతురు కూడా నాయనమ్మ మొహం కన్నా దాని మీదే ఎక్కువ పెట్టాను. ఇద్దరి కన్నూ ఒకే చోట ఆగింది. ఆవిడ అడిగింది కాబట్టి దిద్దాను. ఆయన మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీ కుర్రాణ్ని కూడా ముందు ఏదైనా అడిగి చూడండి.


పాతబ్రష్షు

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆ అబ్బాయికి విడిగా ఇలా రాశాను: "బాబూ, ఆ రోజు తొందరపడ్డాను. చెప్పు వెతుక్కునే ముసలాయన నన్ను వదలడం లేదు. ఒకటి అడుగుతాను, నువ్వు సిరిమానును ఎక్కడ నిలబడి చూశావు?"

ఒక రోజంతా జవాబు లేదు. మర్నాడు రాత్రి వచ్చింది: "మా అత్తయ్య వాళ్ల మేడ మీద నుంచి తాతగారూ. చిన్నప్పటి నుంచి అక్కడి నుంచే చూస్తాను. పూజారి గారు మాకు ఎదురుగానే వెళ్తారు."

మేడ! ఇన్నేళ్లుగా నేను ఆ పండగను మూడు లాంతర్ల దగ్గర రోడ్డు మీద, మెడ వెనక్కి వంచి చూసినవాణ్ని. మేడ మీద నుంచి చూస్తే కంటి ఎత్తు గీత పైకి పోతుంది, జనమంతా ఆ గీతకు దిగువనే ఉంటారు. పిల్లాడు గీసిన జనం సరిగ్గానే ఉన్నారు. గోతిలో ఉన్నది నేనే.

అయితే మాను గాలిలో అతికించినట్టుందన్నది మాత్రం నా భ్రమ కాదు. బొమ్మ మళ్లీ పంపించుకుని, వీడియో కూడా అడిగి తెప్పించుకుని చూశాను. జనానికి, రథాలకు రెండు గంటలు పట్టింది. పూజారి పది నిమిషాల్లో, ఒక్క చెరుపు లేకుండా వచ్చేశాడు. ఆయన కూర్చున్న పీట అడుగు కనబడుతోంది, గడ్డం కింది భాగం కనబడుతోంది. "ఆయన నీకు ఎదురుగా వెళ్తారన్నావు కదా, మరి పీట అడుగు నీకెలా కనిపించింది?" అని అడిగాను. కాసేపాగి, "పూజారి గారిని మాత్రం పేపర్లో ఫోటో చూసి గీశానండి" అన్నాడు. ఫోటో తీసినాయన రోడ్డు మీద ఉన్నాడు. జనాన్ని మేడ మీద నుంచీ పూజారిని రోడ్డు మీద నుంచీ చూస్తే యాభై అరవై అడుగుల చింతమాను మధ్యలో ఎవరిదీ కాకుండా పోదా మరి. ఆ సంగతి ఒక్కటే చెప్పాను. మిగతా వాటి జోలికి పోలేదు.

నిన్న మళ్లీ గీసి పంపాడు. పీట ఇప్పుడు పక్క నుంచి సన్నటి పట్టీలా కనబడుతోంది, పూజారి కళ్లు ఎదురుగా మన వైపే చూస్తున్నాయి. మానుకు బరువొచ్చింది. నీడలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఊదా సంగతి వచ్చే వారం చూద్దాం.

ఆఖరున తనే అడిగాడు: "తాతగారూ, ఆ రోజు అరచేయి చిన్నదన్నారు కదా, ఎంత ఉండాలి?" మణికట్టు గడ్డం దగ్గర ఆనించి చెయ్యి మొహం మీద పెట్టుకో, వేలి కొస జుట్టు మొదలయ్యే చోటికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, అన్నాను. రెండు నిమిషాల్లో అద్దం ముందు నిలబడి తీసుకున్న ఫోటో వచ్చింది. మొహం కనిపించలేదు, చెయ్యే ఉంది.